ఒక్క పిండమూ నార్మల్ రాకపోతే

ఐవీఎఫ్‌లో తయారై, పరీక్షకు పంపిన పిండాల్లో ఒక్కటీ నార్మల్ రాలేదన్న కబురు చాలామందికి ఫోన్లోనే తెలుస్తుంది. పది పన్నెండు రోజులు పొట్టలోకి ఇంజెక్షన్లు, మత్తిచ్చి అండాలు తీసిన పూట, ఈ రోజుకు ఎన్ని మిగిలాయో ల్యాబ్ వాళ్లు చెప్పే మాట కోసం ఐదారు రోజులు, ఆ తర్వాత రిపోర్టు కోసం వారాలు. ఇవన్నీ గడిచాక ఆ మాట వినాలి. గర్భం రానేలేదు కనుక పోయిందని ఎవరూ అనుకోరు. ఆఫీసులో సెలవు అడగడానికి దానికొక పేరు లేదు, ఇంటికొచ్చి పలకరించేవాళ్లూ ఉండరు. ఆ వారంలోనే రెండు ప్రశ్నలు మాత్రం వస్తాయి. క్లినిక్ వాళ్లు "నెక్స్ట్ సైకిల్ ఎప్పుడు మొదలుపెడదాం మేడమ్" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు "ఇంకేం చేద్దామనుకుంటున్నారమ్మా" అంటారు. ఈ రెండింటికీ ఆ వారంలోనే జవాబు చెప్పనక్కర్లేదు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ రిపోర్టు ఏం చెప్పింది, ఏం చెప్పలేదు.

ఈ పరీక్షను పీజీటీ అంటారు. మన దగ్గర ఎక్కువమంది చేయించుకునేది అందులో పీజీటీ-ఏ రకం. పిండం కణాల్లో క్రోమోజోములు 46 సరిగ్గా ఉన్నాయా, ఎక్కడైనా ఒకటి ఎక్కువో తక్కువో అయిందా అని ఇందులో చూస్తారు. తలసీమియా, కండరాలు క్షీణించే ఎస్ఎమ్ఏ లాంటి ఫలానా జబ్బు ఉందా అని చూసేది పీజీటీ-ఎమ్. భార్యాభర్తల్లో ఒకరికి క్రోమోజోము ముక్కలు స్థానాలు మారి ఉంటే చేసేది పీజీటీ-ఎస్ఆర్. మీరు చేయించింది ఏదో కన్సెంట్ ఫారంలో రాసి ఉంటుంది. అది చూసుకోకుండా ముందుకు పోవద్దు. ఎందుకంటే ఈ మూడు పరీక్షల్లోనూ 'నార్మల్ కాదు' అన్నదానికి అర్థం ఒకటి కాదు.

పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే రిపోర్టు సగం అర్థమైనట్టే. ఐదో రోజుకో ఆరో రోజుకో పిండం బ్లాస్టోసిస్ట్ దశకు చేరుతుంది. అప్పటికి అందులో సుమారు వంద నుంచి రెండొందల కణాలుంటాయి. లోపల ఒక పక్కన ముద్దగా చేరిన కణాలు బిడ్డ అవుతాయి, చుట్టూ పొరలా పరుచుకున్నవి మాయ అవుతాయి. ఎంబ్రియాలజిస్టు మైక్రోస్కోపు కింద ఒక సన్నటి గాజు గొట్టంతో పిండాన్ని కదలకుండా పట్టి ఉంచుతారు. పైనున్న గుల్లకు లేజర్‌తో చిన్న రంధ్రం చేసి, రెండో గొట్టంతో బయటి పొర కణాలను కొద్దికొద్దిగా లోపలికి లాగుతారు. అవి తీగలా సాగుతాయి. సాగిన చోట లేజర్‌తో తెంపి, ఐదు నుంచి పది కణాలను విడదీసి, చిన్న ట్యూబులో వేసి జెనెటిక్ ల్యాబుకు పంపిస్తారు. పిండాన్ని మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టేస్తారు. అంటే ల్యాబుకు వెళ్లింది పిండం కాదు, దాని అంచున ఉన్న కాసిని కణాలు. అవి కూడా మాయగా మారవలసినవి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం. కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే సెగ మీద ఉన్నాయి కనుక ఆ మాట చెల్లుతుంది. పిండానికి అది సగమే చెల్లుతుంది. తప్పు అండంలోనే జరిగి ఉంటే, ఆ అండం నుంచి విడివడిన ప్రతి కణంలోనూ అదే తప్పు ఉంటుంది. ఏ ఐదు కణాలు తీసినా దొరికిపోతుంది. ఫలదీకరణ అయ్యాక కణాలు రెండుగా, నాలుగుగా చీలుతున్నప్పుడు తప్పు జరిగితే మాత్రం కొన్ని కణాల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. అప్పుడు ఏ అంచు నుంచి తీశారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. రిపోర్టులో కనిపించే రకరకాల మాటలన్నీ ఈ తేడా వల్ల వచ్చినవే.

మచ్చుకు ఒక రిపోర్టు చూద్దాం. నాలుగు వరుసలు, వరుసకొక పిండం. మొదటి వరుసలో ప్లస్ 16. అంటే 16వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి. గర్భస్రావాల్లో తరచుగా కనిపించే తప్పు ఇది. రెండో వరుసలో మైనస్ 22, ప్లస్ 15, ఇంకో రెండు. మూడో వరుసలో 'మొజాయిక్, 30 శాతం'. నాలుగో వరుసలో 'నో రిజల్ట్'. ఆడా మగా అన్న గడి ఎక్కడా ఉండదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అది చెప్పకూడదు, అడగకూడదు. ఈ కాగితం చూసి క్లినిక్ వాళ్లు ఫోన్లో చెప్పేది ఒకటే మాట: "నాలుగింట్లో ఒక్కటీ నార్మల్ రాలేదు." ఆ మాట నిజమే. కానీ ఆ నాలుగు వరుసల భవిష్యత్తు ఒకటి కాదు. ఫోన్లో విన్న మాట మీద నిర్ణయం తీసుకోవద్దని నేను పట్టుబట్టేది అందుకే. కాగితం తెప్పించుకోండి.

మొదటి రెండు వరుసల విషయంలో ఆశ పెట్టుకోమని చెప్పలేను. అమెరికాలో జరిగి, 2021లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పిండాల నుంచి కణాలు తీసి దాచి, ఫలితం తెలుసుకోకుండానే వాటిని గర్భసంచిలో పెట్టారు. ఏమైందో తేలాక ఆ కణాలను పరీక్షించారు. మొత్తం క్రోమోజోము ఎక్కువో తక్కువో ఉన్నట్టు తేలిన పిండాలు 102. వాటిలో ఒక్కటి కూడా కాన్పు దాకా నిలబడలేదు. మళ్లీ కణాలు తీసి చూద్దామని ఇలాంటి పిండాల మీద ఇంకోసారి డబ్బు ఖర్చు పెట్టడంలో అర్థం లేదు.

మూడో వరుస వేరు. మొజాయిక్ అంటే తీసిన కణాల్లో కొన్ని నార్మల్‌గా, కొన్ని తప్పుగా ఉన్నట్టు సంకేతం. సాధారణంగా తప్పు కణాల వాటా 20 నుంచి 80 శాతం మధ్య కనిపిస్తే ఈ మాట వాడతారు. ఒకప్పుడు వీటిని పక్కన పడేసేవారు. 2015లో ఇటలీ వైద్యులు ఒక చిన్న నివేదికను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. నార్మల్ పిండం ఒక్కటీ లేని 18 మంది స్త్రీలకు మొజాయిక్ పిండాలు పెడితే ఆరుగురికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పుట్టారు. 2021లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, తప్పు కణాల వాటా సగానికి లోపు ఉన్న పిండాలు పెట్టినవారికీ, పూర్తి నార్మల్ పిండాలు పెట్టినవారికీ కాన్పుల శాతం దాదాపు ఒకటే వచ్చింది, 42 నుంచి 43. వాటా పెరిగేకొద్దీ అవకాశం తగ్గుతుంది, గర్భస్రావం భయం పెరుగుతుంది. ఏ క్రోమోజోము అన్నదీ చూడాలి. నార్మల్ పిండం ఉంటే ముందు దాన్నే పెట్టాలి. లేనప్పుడు తక్కువ స్థాయి మొజాయిక్ పిండం అక్కరకు వస్తుంది. అలా గర్భం నిలిస్తే పదిహేను వారాలు దాటాక ఉమ్మనీరు పరీక్ష చేయించుకోవాలి. తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీ మాయ కణాల నుంచి వచ్చిన డీఎన్ఏనే చూస్తుంది కనుక ఇక్కడ అది ఒక్కటే సరిపోదు.

నాలుగో వరుసలోని 'నో రిజల్ట్' అంటే చెడ్డ ఫలితమని కాదు. తీసిన కణాలు చెడిపోయి ఉండొచ్చు, ట్యూబులోకి చేరకపోయి ఉండొచ్చు, డీఎన్ఏ సరిపోయి ఉండకపోవచ్చు. ఆ పిండాన్ని కరిగించి మళ్లీ కణాలు తీయించవచ్చు, పరీక్ష లేకుండానే పెట్టించుకోవచ్చు కూడా. 'సెగ్మెంటల్' అన్న మాట కూడా కొన్ని రిపోర్టుల్లో ఉంటుంది. క్రోమోజోము మొత్తం కాకుండా అందులో ఒక ముక్క ఎక్కువో తక్కువో అయిందని దాని అర్థం. మొత్తం క్రోమోజోము తప్పుతో పోలిస్తే, ఇవి రెండోసారి పరీక్షలో అలాగే తేలే అవకాశం తక్కువ. ఇలాంటి పిండాలను పారేయడానికి సంతకం అడిగితే, జెనెటిక్ డాక్టరుతో మాట్లాడేదాకా ఆగమని చెప్పండి. ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు వర్తించే ఏఆర్‌టీ చట్టం పదేళ్ల వరకు నిల్వ ఉంచుకోనిస్తుంది. తొందరేమీ లేదు.

ఇప్పుడు ఇలా ఎందుకు జరిగింది అన్నదానికి వద్దాం. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమెకు జీవితమంతా సరిపడా అండాలు తయారై, క్రోమోజోములు జతకట్టిన స్థితిలో ఆగిపోతాయి. నలభయ్యో ఏట విడుదలయ్యే అండం నలభై ఏళ్లుగా ఆ స్థితిలోనే ఉంది. క్రోమోజోములను కలిపి పట్టి ఉంచే ప్రొటీన్లు అన్నేళ్లలో సడలుతాయి. చివరికి అవి విడిపోవాల్సిన వేళ సమంగా విడిపోవు. తిండి వల్లో, ఉద్యోగం వల్లో, ఆ నెలలో చేసిన ప్రయాణం వల్లో కాదు. 2014లో అమెరికాలో 15 వేలకు పైగా పిండాల ఫలితాలను వయసు వారీగా లెక్కవేశారు. 35 ఏళ్ల వయసులో తప్పు ఉన్న పిండాలు నూటికి 35 వరకు. నలభైలో 58. నలభై రెండులో 75. నలభై నాలుగులో 88.

ఈ అంకెలు పట్టుకుని చిన్న లెక్క వేయండి. నలభై ఏళ్ల స్త్రీకి మూడు బ్లాస్టోసిస్టులు వచ్చాయనుకుందాం. మూడూ తప్పుగా రావడానికి అవకాశం దాదాపు ఐదింట ఒకటి. అంటే అలాంటి ఐదుగురిలో ఒకరికి ఈ చేదు ఫలితం తప్పదు, ఏ డాక్టరు చేసినా, ఏ మందు వాడినా. నలభై మూడులో అయితే సగం మందికి పైగా ఇదే ఫలితం వస్తుంది. అంచేత ఒక్క సైకిల్‌లో ఏమీ రాలేదంటే ఇక రాదని తీర్పు వచ్చినట్టు కాదు. ముప్పై ఐదులో మూడింటికి మూడూ తప్పుగా రావడం పాతిక మందిలో ఒకరికి జరిగే విషయం. అదే అధ్యయనంలో 26 నుంచి 37 ఏళ్ల లోపు వారిలో ఒక్క నార్మల్ పిండమూ లేనివాళ్లు నూటికి రెండు నుంచి ఆరుగురే. వయసు తక్కువగా ఉండి, నాలుగైదు పిండాలు పంపినా ఒక్కటీ రాకపోతే దాన్ని వయసు ఖాతాలో వేసి వదిలేయకూడదు. వేరే కారణం వెతకాలి.

ఆ వెతుకులాటలో మొదటిది కారియోటైప్ పరీక్ష. భార్యాభర్తలిద్దరికీ రక్తం తీసి క్రోమోజోముల అమరిక చూస్తారు. సుమారు ఐదు వందల మందిలో ఒకరికి రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారి ఉంటాయి. మొత్తం సరుకు తగ్గదు కనుక ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు, ఆ సంగతే తెలియదు. పిండాల్లోకి మాత్రం ఒక ముక్క ఎక్కువగా, ఇంకో ముక్క తక్కువగా వెళ్తుంది. రిపోర్టులో అవే రెండు క్రోమోజోములు పిండం పిండంలోనూ కనబడుతుంటే దీన్ని అనుమానించాలి. ఇది భర్త వైపు నుంచి కూడా రావచ్చు. మన ఇళ్లలో ఫలితం బాగోలేదంటే చూపులన్నీ కోడలి వైపు తిరుగుతాయి. ఆమె జాతకం తీస్తారు, ఆమె చేత నోములు చేయిస్తారు. రక్తపరీక్షకు మాత్రం ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఐవీఎఫ్ మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష అయి ఉంటే మంచిది. కాకపోతే రెండో సైకిల్‌కు ముందు తప్పకుండా కావాలి.

పీజీటీ-ఎమ్ చేయించుకున్నవారి బాధ మరో రకం. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ పరీక్ష అవసరం పడే కుటుంబాలు తక్కువేమీ కాదు. మేనత్త కొడుకునో మేనమామనో చేసుకున్నప్పుడు, పూర్వీకుల్లో ఒకరి దగ్గర మొదలైన లోపం ఉన్న జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది. మొదటి బిడ్డను తలసీమియాకో ఎస్ఎమ్ఏకో పోగొట్టుకున్న దంపతులు ఈ పరీక్షకు వస్తారు. అప్పటికే వాళ్ల గుండె పగిలి ఉంటుంది. ఇద్దరూ క్యారియర్లైతే, అంటే జబ్బు లేకుండానే ఆ లోపపు జన్యువును మోసేవారైతే, పిండాల్లో నాలుగో వంతుకు జబ్బు ఉంటుంది, సగం క్యారియర్లు, నాలుగో వంతుకు ఏ లోపమూ ఉండదు. ఇక్కడ ఒక అపోహను గట్టిగా తుడిచేయాలి. రిపోర్టులో 'క్యారియర్' అని వచ్చిన పిండం పనికిరానిది కాదు. ఆ పిండం నుంచి పుట్టే బిడ్డ ఆ జబ్బు విషయంలో అమ్మానాన్నల్లాగే ఉంటుంది. అమ్మానాన్నలు బాగానే ఉన్నారు కదా! పెద్దయ్యాక పెళ్లి సంబంధం చూసేటప్పుడు అవతలివారికి పరీక్ష చేయిస్తే సరిపోతుంది.

పీజీటీ-ఎమ్‌తోపాటు పీజీటీ-ఏ కూడా చేస్తే వడపోత రెండుసార్లు పడుతుంది. జబ్బు లేనివి నాలుగింట మూడు. వాటిలో క్రోమోజోములు సరిగా ఉన్నవి, ముప్పై ఐదేళ్ల వయసులో మూడింట రెండు. చివరికి మిగిలేవి సగమే. ముందే ఈ లెక్క చెప్పకుండా "జబ్బు లేనిది దొరుకుతుందిలెండి" అని భరోసా ఇవ్వడం దంపతులకు అన్యాయం. ఐవీఎఫ్ వద్దనుకునేవారికి ఇంకో దారీ ఉంది. సహజంగా గర్భం దాల్చి, పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మాయ ముక్క తీసి పరీక్ష చేయించుకోవచ్చు. బిడ్డకు జబ్బు ఉందని తేలితే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న బరువు మోయాలి. దానికి చట్టం అనుమతి ఉంది. మనసు ఒప్పుకుంటుందా అన్నది ఆ దంపతులే చెప్పాలి, బయటివాళ్లు కాదు.

ఇక మళ్లీ సైకిల్ చేద్దామనుకుంటే, పరీక్ష కూడా మళ్లీ చేయించాలా? దీని మీద క్లినిక్‌లు చెప్పేదానికీ, పరిశోధనలు చెప్పేదానికీ దూరం ఉంది. పరీక్ష పిండాన్ని బాగుచేయదు, ఉన్నవాటిని వేరుచేస్తుంది అంతే. 2019లో ప్రచురితమైన స్టార్ ట్రయల్‌లో 661 మంది స్త్రీలు పాల్గొన్నారు. పరీక్షించి పెట్టినవారిలో గర్భం నిలిచింది 50 శాతం మందికి, పరీక్ష లేకుండా పెట్టినవారిలో 46 శాతం మందికి. చెప్పుకోదగ్గ తేడా కాదు. 2021లో చైనాలో 1,212 మందితో చేసిన అధ్యయనంలో కనీసం మూడు మంచి బ్లాస్టోసిస్టులు ఉన్న 37 ఏళ్ల లోపు స్త్రీలను తీసుకున్నారు. వరుసగా మూడు ట్రాన్స్‌ఫర్ల (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) దాకా చూస్తే కాన్పులు పరీక్ష ఉన్నవారిలో 77 శాతం, లేనివారిలో దాదాపు 82 శాతం. గర్భస్రావాలు మాత్రం పరీక్ష ఉన్నవారిలో తక్కువ, 8.7 శాతం, అవతలివారిలో 12.6. అమెరికా పునరుత్పత్తి వైద్యుల సంఘం 2024లో కూడా అందరికీ మామూలుగా ఈ పరీక్ష చేయడం వల్ల లాభం రుజువు కాలేదనే చెప్పింది.

ఈ అంకెలను నేను చదువుకునే తీరు ఇది. రెండు మూడు గర్భస్రావాలు చూసిన స్త్రీ ఇంకోసారి అది భరించలేనంటే పరీక్ష ఆమెకు మేలు చేస్తుంది. నలభై దాటి, ఒకటికి మించి బ్లాస్టోసిస్టులు వచ్చే స్త్రీకి వ్యర్థమైన ట్రాన్స్‌ఫర్లు తప్పించి నెలలు మిగులుస్తుంది. ముప్పై దాటని, పిండాలు బాగా వచ్చే అమ్మాయికి అది అదనపు ఖర్చే. ఒక్కటో రెండో పిండాలు మాత్రమే వచ్చేవారు, పరీక్ష దాకా లాక్కురాకుండా మూడో రోజునో ఐదో రోజునో నేరుగా పెట్టించుకోవడం గురించి డాక్టరును అడగాలి. ల్యాబులో ఐదో రోజు దాకా నిలవని పిండం, గర్భసంచిలో నిలిచేదేమో అన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. మొదటిసారి పరీక్ష చేయించాం కనుక రెండోసారీ తప్పనిసరి అన్న నియమం ఎక్కడా లేదు.

మళ్లీ చేద్దామనగానే క్లినిక్‌లో చాలాచోట్ల ఒక కొత్త చీటీ చేతికిస్తారు. అందులో కోక్యూ10, డీహెచ్ఈఏ, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు, ఓవరీలోకి పీఆర్‌పీ ఉంటాయి. వీటిలో ఏదీ క్రోమోజోము తప్పులను తగ్గిస్తుందని గట్టి రుజువు లేదు. డాక్టరు మందుల మోతాదు మార్చడం, ఇంజెక్షన్ల పద్ధతి మార్చడం వల్ల అండాలు కొన్ని ఎక్కువ రావచ్చు. అండాలు ఎక్కువైతే నార్మల్ పిండం దొరికే అవకాశమూ పెరుగుతుంది. పని చేసేది అండాల సంఖ్య. 38 ఏళ్ల వయసులో పది అండాలు తీస్తే, ఎనిమిది పక్వమై, ఆరు ఫలదీకరణ చెంది, మూడు బ్లాస్టోసిస్టులై, చివరికి ఒకటో రెండో నార్మల్ వస్తే అది మామూలు ఫలితం. అండాలు మూడు నాలుగే వచ్చేవారు రెండు మూడు సైకిళ్ల పిండాలు కలిపి దాచుకునే పద్ధతి గురించి అడగవచ్చు. ఈ మాట ఆలస్యం చేయకుండా అడగాలి. నలభై దాటాక ఆరు నెలలు కూడా లెక్కలోకి వస్తాయి. ముప్పై రెండేళ్లావిడకు రాని తొందర ఇది.

ఎన్నిసార్లు అన్నది తేల్చుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఒక్కో సైకిల్‌కు లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా అవుతుంది, పరీక్ష ఖర్చు పిండానికింత అని దాని పైన. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం కుదువపెట్టి, పీఎఫ్ డబ్బు తీసి, ఊళ్లో పొలం అమ్మి చేసేవాళ్లున్నారు. ఆగాల్సిన చోటు ముందే అనుకోకపోతే, ప్రతి వైఫల్యమూ "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. ఇంకొక్కసారి అని చెప్పడానికి క్లినిక్‌కు ఎప్పుడూ ఒక కారణం దొరుకుతుంది. మొదటి ఇంజెక్షన్ పడకముందే దంపతులిద్దరూ కూర్చుని మూడు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి: ఎంత డబ్బు, ఎన్ని సైకిళ్లు, ఏ తేదీ దాకా. ఆ కాగితం రాసేటప్పుడు ఎక్కువ బరువు ఆమె మాటకే ఉండాలి. సూదులు పడేది ఆమె ఒంటి మీద. ఆమె "నా వల్ల కాదు" అన్న రోజున డబ్బు మిగిలి ఉన్నా ఆగిపోవాలి.

మరొకరి అండం తీసుకోవడం ఇంకో దారి. క్రోమోజోము తప్పులు అండం వయసును బట్టి వస్తాయి, గర్భసంచి వయసును బట్టి కాదు. అందుకే నలభై మూడేళ్ల స్త్రీకి పాతికేళ్ల దాత అండంతో అవకాశం బాగా పెరుగుతుంది. "చెల్లెలు ఉంది కదా, దాని అండం తీసుకుంటే మన రక్తమే ఉంటుంది" అని ఇళ్లలో అంటుంటారు. కానీ 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఏఆర్‌టీ చట్టం ప్రకారం దాతను రిజిస్టరైన బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఆమె నుంచి ఏడు అండాలకు మించి తీయకూడదు. చికిత్స తీసుకునే స్త్రీకి యాభై ఏళ్లు, పురుషుడికి 55 దాటకూడదు. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. అదే చట్టం ప్రకారం, మీ దగ్గర మిగిలిన పిండాలను వేరే దంపతులకు ఇవ్వడం కుదరదు. వద్దనుకుంటే వదిలేయాలి, లేదా మీ అంగీకారంతో పరిశోధనకు ఇవ్వవచ్చు.

దాత అండం దారి పట్టేముందు కొంత దుఃఖం అనుభవించాలి. నా కళ్లు, మా నాన్న ముక్కు ఉన్న బిడ్డ పుట్టదన్న దుఃఖం చిన్నది కాదు. దానికి సమయం ఇవ్వకుండా "సరే, డోనర్‌కు వెళ్లిపోదాం" అని భర్తో అత్తగారో తేల్చేస్తే, అది ఆ స్త్రీ మనసులో ఏళ్ల తరబడి నలుగుతుంది. ఆమెకు చెప్పకుండా దాత అండం వాడటం మోసం, నేరం కూడా. సంతకం చేసే ప్రతి కాగితం చదవండి, తెలుగులో వివరించమని అడగండి.

దత్తత గురించి చెప్పేటప్పుడు చాలామంది దాన్ని చివరి మెట్టుగా చెబుతారు. నాకది సరికాదనిపిస్తుంది, అది వేరే ప్రయాణం. కేంద్ర సంస్థ కారా ద్వారా పేరు నమోదు చేసుకోవాలి. రెండేళ్ల లోపు పాప కావాలంటే దంపతులిద్దరి వయసు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల లోపు బిడ్డకైతే 90. నమోదు చేసుకున్న రోజు నాటి వయసును లెక్కలోకి తీసుకుంటారు. ఆ తర్వాత నిరీక్షణ ఏళ్లలో ఉంటుంది. ఆ ఆలోచన ఉన్నవారు అన్ని సైకిళ్లూ అయిపోయేదాకా ఆగితే, వయసు లెక్క దాటిపోయే ప్రమాదం ఉంది. ఇంకా, ఇద్దరమే చాలనుకుని ఆగిపోవడం కూడా ఒక నిర్ణయమే. అలా అనుకున్న జంటను ఓడిపోయినవాళ్లలా చూసే హక్కు బంధువులకెవరికీ లేదు.

మీరిప్పుడు ఆ రిపోర్టు పట్టుకుని కూర్చున్నవారైతే, ముందుగా చేయాల్సిన పని ఒకటే. క్లినిక్ నుంచి రిపోర్టు పూర్తి కాపీ, ఎన్ని అండాలు తీశారో ఏ రోజు ఏమైందో రాసిన ఎంబ్రియాలజీ షీటు, ఇద్దరి కారియోటైప్ రిపోర్టులు తీసుకోండి. వాటితో, మీ ఐవీఎఫ్ క్లినిక్‌తో సంబంధం లేని ఒక జెనెటిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఇద్దరూ వెళ్లండి. తర్వాతి సైకిల్‌కు అడ్వాన్సు కట్టేది ఆ సంప్రదింపు అయ్యాకే.